పక్క తలుపు

ఆ ఎండాకాలం ఎవరు ఎదురుపడ్డా ఒకటే ప్రశ్న: "మీకు వచ్చి పోయిందా?" బాగున్నారా, భోంచేశారా అని అడగడం జనం మానేశారు. వచ్చి పోయినవాళ్ళు ఛాతీ విరుచుకుని తిరిగేవారు. రానివాళ్ళు పరీక్ష తప్పినవాళ్ళలా మాస్కు సర్దుకుంటూ గోడవారగా నడిచేవారు.

నాది రక్తం తీసే పని. నగర ఆరోగ్య కార్యాలయంలో కింది అంతస్తు ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. వీధిలో నన్ను సూదమ్మ అంటారు. నాకు వినపడదనుకుని అంటారు. అదే కార్యాలయం మూడో అంతస్తులో, లెక్కల విభాగంలో, మా మరిది కూర్చుంటాడు. చిన్నప్పుడు పరీక్ష ఎలా రాశావురా అని అడిగితే "తొంభై రెండు శాతం బాగా రాశానమ్మా" అనేవాడట. అప్పటి నుంచీ మా అత్తయ్యకు అతను 'శాతం'. ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా "ఏరా శాతం" అనే పిలిచేది.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసి దిగిపోయింది. గొంతు కంచుగంట. ఊపిరితిత్తులే పాడయ్యాయి. రెండో అంతస్తులోని మా ఇంటికి ఎక్కాలంటే మూడుసార్లు ఆగాలి. రోగం ఊళ్ళోకి వచ్చిన వారంలోనే ఆమెను చూసే డాక్టరు ఫోన్లో చెప్పేశాడు. "ఈవిడకి వస్తే నా దగ్గర చేసేదేమీ లేదమ్మా. రాకుండా చూసుకోండి. టీకా వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకురండి."

ఆ మాట విన్నరోజే అత్తయ్య శాసనం చేసింది. టీకా వచ్చేదాకా ముందు తలుపు తెరవకూడదు. ఎవరొచ్చినా సరే. ముందు గది ఆమెది. నేను పని నుంచి వచ్చి, కింద కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వెనక మెట్ల మీదుగా వెనక గదిలోకి పోవాలి. మధ్య తలుపు మూసే ఉండాలి. కోడలు రోజంతా జనం రక్తంలో చేతులు పెట్టి వస్తుంది మరి. అలా ఏడు నెలలు ఒకే ఇంట్లో ఉండి తలుపుకి ఇవతల నేను, అవతల ఆమె మాట్లాడుకున్నాం. ఆ ఏడు నెలల్లో మేం పోట్లాడుకున్నంత చనువుగా అంతకు ముందు పదిహేనేళ్ళలో పోట్లాడుకోలేదు.

ఆమె వదులుకోలేనిది ఒక్కటే, చదరంగం. కింద అంతస్తులో వాచీలు బాగుచేసే ఆయన షాపు ఉంది. పదకొండేళ్ళుగా సాయంత్రం నాలుగున్నరకు ఆమె మెట్లు దిగి ఆయనతో ఒక ఆట ఆడాల్సిందే. తలుపు మూశాక ఆట ఫోన్లోకి ఎక్కింది. పైన ఒక బోర్డు, కింద ఒక బోర్డు. "మీ గుర్రాన్ని లేపేశానండీ వాచీలాయనా, తీసి పక్కన పెట్టండి. దాచుకోకండి, నాకు తెలుస్తుంది" అని అత్తయ్య అరుస్తుంటే వెనక గదిలో నాకు నవ్వొచ్చేది. ఫోను పెట్టేశాక మాత్రం ఆ గదిలో చప్పుడుండేది కాదు. ఫోన్లో అన్నీ వస్తాయి గానీ ఎదుటి మనిషి ఓడిపోయేటప్పుడు మొహం ఎలా పెడతాడో కనిపించదు కదే అమ్మాయ్, అనేది.

ఎండలు ముదిరే వేళకు మా కార్యాలయం సర్వే పెట్టింది. ఒకసారి రోగం వచ్చి పోతే రక్తంలో దాని గుర్తు మిగులుతుంది. ఊళ్ళో ఎంతమందిలో ఆ గుర్తు ఉందో చూడాలి. ఎక్కువమందిలో ఉంటే రోగానికి కొత్త మనిషి దొరకడు, అదే ఆగిపోతుంది, అన్నీ తెరిచేయొచ్చు. దానికి నియమాలు మూడో అంతస్తులో రాశారు. ప్రతి పదో తలుపు తట్టాలి. ఇంటికొకరి రక్తం తీయాలి. మూడుసార్లు తట్టినా తెరవకపోతే ఆ తలుపు నంబరు కొట్టేసి, పక్క తలుపుకి వెళ్ళాలి. కింద మా మరిది సంతకం.

తొమ్మిది రోజులు తిరిగాం. నేనో వీధి, నాతో పనిచేసే పొడుగక్క ఇంకో వీధి. తెరిచిన తలుపులు ఎలా తెరిచేవారో చెప్పాలి. తట్టకముందే తెరిచేవారు. "రండి రండి, మాకు మార్చిలోనే వచ్చి పోయిందని నా అనుమానం, చూసి చెప్పండి" అని చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చునేవారు. ఒకాయన పెళ్ళాన్ని వెనక్కి నెట్టి మరీ చెయ్యి చాపాడు. తెరవని తలుపులూ నాకు గుర్తున్నాయి. తట్టగానే లోపల రేడియో ఆగిపోయేది. తలుపుకున్న గాజుకంటిలో వెలుగు చీకటయ్యేది, అంటే అవతల ఒక కన్ను ఉందన్నమాట. మళ్ళీ తట్టేదాన్ని. చీకటి అలాగే ఉండేది. మూడోసారి తట్టి, నంబరు మీద ఎర్రగీత గీసి, పక్క తలుపుకి పోయేదాన్ని.

ఒక్క రోజులోనే పంతొమ్మిది తలుపులకు అలా గీతలు గీశాను. ఎండ మాడుతోంది, వీపు మీద ఐసుపెట్టె, సాయంత్రానికి అరవై ట్యూబులు నిండాలి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఈ కథలో నాకు ఎవరి మీద కోపమొచ్చినా ఆ పంతొమ్మిది గీతలు గుర్తుపెట్టుకునే కోప్పడుతున్నాను.

చివరి రోజు మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని ట్యూబులకు స్టిక్కర్లు అంటిస్తుంటే పొడుగక్క కాగితాల్లో మా ఇంటి నంబరు కనపడింది. దాని మీద ఎర్రగీత. పక్కన 'కింద షాపు' అని రాసుంది.

"మా ఇంటికి వెళ్ళావా ఏంటి?"

"వెళ్ళానే. పదో తలుపు మీదే అయింది. మూడుసార్లు కొట్టాను, మీ అత్తగారు ఎవరని కూడా అనలేదు. కిందికొస్తే వాచీలాయన అప్పటికే చెయ్యి చాపుకుని కూర్చున్నాడు, పుణ్యాత్ముడు."

నవ్వుకున్నాను. సాయంత్రం తలుపు ఇవతల నుంచి చెబితే అత్తయ్య నా కంటే ఎక్కువ నవ్వింది. "నా బదులు ఆయనా! పదకొండేళ్ళుగా బోర్డు మీద గెలవలేక ఇలా గెలిచాడన్నమాట." నవ్వాక దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

మర్నాడు వాచీలాయన ట్యూబు పరీక్ష చేశాం. గుర్తు ఉంది. అంతకు ముందు శీతాకాలంలో ఆయన పది రోజులు షాపు మూసిన మాట నిజమే. నా చేతిలోని ట్యూబు చూశాను, ఆ స్టిక్కరు మీది నంబరు చూశాను. నవ్వు రాలేదు. అందరి కాగితాలూ ముందేసుకుని ఎర్రగీతలు లెక్కపెట్టాను. మేం తట్టిన మొదటి తలుపులు పన్నెండు వందలు. అందులో నాలుగు వందల అరవై తెరుచుకోలేదు. ఆ నాలుగు వందల అరవై ఇళ్ళ బదులు, వాటి పక్కన తెరుచుకున్న తలుపుల రక్తం మా ఐసుపెట్టెల్లో ఉంది.

కాగితాలు పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళాను. మంచి మనిషి. మాట వింటుంది. ఆ రోజూ పూర్తిగా వింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నువ్వు చెప్పింది తప్పని నేననను" అంది.

"మరి రిపోర్టులో ఈ మాట రాయండి మేడం. ఇంతమంది తలుపు తీయలేదు, వాళ్ళ సంగతి మాకు తెలీదు అని ఒక్క ముక్క."

"గురువారంలోగా అంకె కావాలని పైనుంచి ఫోనొచ్చింది. అంకె అన్నారు, ముక్కలు అనలేదు. బస్సులు సోమవారం నుంచి తిప్పాలని అప్పటికే అనుకున్నారు."

"అనుకున్నాక ఇంకా లెక్కెందుకు మేడం?"

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. "వెళ్ళి పని చూసుకోమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిది రోజులు ఎండలో తిరిగింది ముందే కుట్టేసిన చొక్కాకి కొలతలు తేవడానికా!

శుక్రవారం పొద్దున రేడియోలో మా మరిది గొంతు వినపడింది. వందలో డెబ్బై ఒక్కరికి ఇప్పటికే వచ్చి పోయింది, నగరం హెర్డ్ ఇమ్యూనిటీ అంచుకి చేరింది, అన్నాడు. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఏడు నెలలుగా బస్సు డ్యూటీ లేక, ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డాడు. యూనిఫారం ఎక్కడుందని అడిగాడు. ఆయన మొహం చూసి, వెతికి తెచ్చి ఇచ్చాను. అందరికీ ఆ అంకె కావాలి. ఆకలి మీదున్నవాడికి పళ్ళెంలో ఏముందో ఎవరు చెప్పగలరు?

ఆదివారం మరిది వచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చి, మెట్ల మలుపులో దూరంగా నిలబడి, కిటికీ ఊచల వెనక కూర్చున్న తల్లితో మాట్లాడి పోతాడు. ఆ రోజు మాత్రం మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది.

"ఏరా శాతం, రేడియోలో నీ గొంతు జలుబు చేసినట్టుందేంరా?"

"రేడియోలో అందరి గొంతూ అంతేనమ్మా."

"ముప్పై ఏళ్ళు గొంతులు విన్నదాన్ని, నాకు చెప్పకు. సరే గానీ, హెర్డ్ అంటే మంద కదరా? నన్ను తీసుకెళ్ళి ఏ గొర్రెల్లో కలిపావు?"

అతను నవ్వి, ఓపిగ్గానే చెప్పాడు. పదిమంది వరసగా నిలబడ్డారనుకో అమ్మా, అందులో ఏడుగురికి ఇక రాదు. రోగం ఎటు పోబోయినా వాళ్ళే అడ్డం. మిగతా ముగ్గురూ ఆ ఏడుగురి చాటున క్షేమం. అత్తయ్య తలూపుతూ వింటోంది. నేను వెనక మెట్ల దగ్గర నిలబడ్డాను.

"ఏ పదిమందిలో ఏడుగురు?" అన్నాను.

"ఊళ్ళో పదిమందిలో, వదినా."

"కాదు. తలుపు తీసిన పదిమందిలో."

"ఏ సర్వేలోనైనా కొందరు దొరకరండీ. అందుకే కదా పక్క తలుపు నియమం. ఒకరి బదులు ఒకరు. సగటున సరిపోతుంది."

"ఎలా సరిపోతుంది? వాళ్ళు తలుపు ఎందుకు తీయలేదు? భయపడి. అంత భయపడి ఇంట్లో ఉన్నారు కాబట్టే వాళ్ళకి రాలేదు. తీసినవాళ్ళు ఎందుకు తీశారు? వచ్చి పోయింది, భయం తీరిపోయింది కాబట్టి. నువ్వు రానివాళ్ళని పక్కన పెట్టి, వచ్చినవాళ్ళని తెచ్చి వాళ్ళ చోట కూర్చోబెట్టి, ఊరందరికీ వచ్చేసిందంటున్నావు."

"అది మీ ఊహ."

"ఊహేంటి? మీ అమ్మ బదులు కింద వాచీలాయన ఉన్నాడు నీ లెక్కలో. ఆయనకి వచ్చి పోయింది, అత్తయ్యకి రాలేదు. ఇద్దరూ ఒకటేనా? నీ ఏడుగురిలో మీ అమ్మ ఉంది, తెలుసా? ఆవిడ ఆవిడకే అడ్డం నిలబడాలా?"

"వదిలెయ్యవే, ఆదివారం పూట" అన్నాడు మా ఆయన. ఆయన షూలకు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

మరిది మొహం ఎర్రబడింది. పదిహేనేళ్ళుగా 'మీరు' తప్ప నన్ను మరో మాట అనని మనిషి. "రక్తం తియ్యడం నీ పని వదినా. అందులో ఏముందో చెప్పడం నా పని. నువ్వు నీ సూది చూసుకో" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఏం వాదిస్తాం? అత్తయ్య వంక చూశాను. ఆమె తెలివి నాకు తెలుసు. నాలుగెత్తులు ముందు చూసి బంటుని కదిపే మనిషి. నేను చెప్పింది ఆమెకు అర్థమైంది, అయిందని కళ్ళే చెప్పాయి. కానీ కిటికీ అవతల ఉన్నది కొడుకు.

"వాడు లెక్క తప్పడే అమ్మాయ్" అంది మెల్లగా. "జ్వరంలో కూడా పదమూడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పినవాడు."

కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

సోమవారం బస్సులు కదిలాయి. మా ఆయన వెనక మెట్లు రెండేసి దిగి వెళ్ళాడు. వీధిలో మాస్కులు గడ్డాల మీదికి, ఆ తర్వాత జేబుల్లోకి దిగాయి. ల్యాబు ముందు మాత్రం జ్వరాల వరస మళ్ళీ మొదలైంది. పొడుగక్కా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. ఇల్లలకగానే పండగైపోయిందనుకుంటున్నారే, అనేది ఆమె.

రెండో వారంలో ఒక సాయంత్రం. నాలుగున్నర దాటింది. పని నుంచి వస్తూ దూరం నుంచే వాచీల షాపు ముందు గుంపు చూశాను. ఏడు నెలలు డ్రాయర్లలో పడున్న వాచీలన్నీ ఆగిపోయాయి. ఊరు తెరిచారు, ఇప్పుడు అందరికీ టైము కావాలి. పదీ పదిహేను మంది కౌంటరు మీదికి వంగి, ఒకళ్ళ భుజం మీద నుంచి ఒకళ్ళు మాట్లాడుతున్నారు. దగ్గుతున్నారు. నవ్వుతున్నారు. వాళ్ళ మధ్య, కౌంటరు పక్కన పాత స్టూలు మీద, ఇస్త్రీ చీర కట్టుకుని మా అత్తయ్య కూర్చుంది. ముందు చదరంగం బోర్డు.

మాస్కు పెట్టుకుంది. పెట్టుకోలేదని అనను. కానీ నవ్వినప్పుడల్లా అది జారుతోంది, ఆమె ఆగకుండా నవ్వుతోంది. వాచీలాయన ఓ చేత్తో ఎవరిదో వాచీ మూత విప్పుతూ, ఇంకో చేత్తో ఏనుగుని పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక మొహం వేలాడేశాడు. ఆ మొహాన్ని అత్తయ్య కళ్ళారా చూస్తోంది.

నన్ను చూసి చెయ్యెత్తింది. "అమ్మాయ్! ఇంకో మూడెత్తుల్లో ఈయన పని సఫా. ఆగు, చూసి పోదువుగాని."

పద్దెనిమిదేళ్ళుగా అరిచే పిల్లలకీ, పారిపోయే మగాళ్ళకీ సూది వేసినదాన్ని. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఉండొచ్చు. గుంపు మీద కేకలేసి ఉండొచ్చు. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి ఏడు నెలలైంది. మూడెత్తులూ అయ్యేదాకా గుమ్మం అవతల నిలబడ్డాను. ఆమె గెలిచింది. మెట్లెక్కుతూ నాలుగుసార్లు ఆగింది.

ఆరో రోజు జ్వరం.

ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. నేను ఆరోగ్య కార్యాలయం మనిషిని కాబట్టి నన్ను రెండుసార్లు రానిచ్చారు. మొదటిసారి ఆమె ఫోన్లో వాచీలాయనకు ఎత్తు చెబుతోంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందక ఆగుతోంది, అయినా 'శకటు' అన్న మాట కంచుగంటలాగే పలికింది. రెండోసారి ఫోను పక్కన పెట్టి ఉంది. రక్తం నేనే తీశాను. నర సులువుగానే దొరికింది.

"అమ్మాయ్" అంది. వంగాను. "నువ్వు చెప్పిందే రైటు. నాకు ఆదివారమే తెలుసు."

"మరి ఎందుకు దిగారు అత్తయ్యా?"

"ఊళ్ళో అందరూ వాడి లెక్క నమ్మారు. కన్నతల్లిని, నేను నమ్మకపోతే ఎలాగే?" మళ్ళీ ఊపిరి తీసుకుంది. "వాడితో ఏమీ అనకు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. వేస్తున్నప్పుడే నాకు ఒళ్ళు మండిపోయింది. పోయేవాళ్ళు ఒట్లు వేయించుకుని హాయిగా పోతారు, ఉన్నవాళ్ళ గొంతులో ముల్లు గుచ్చి.

ఆమె పోయాక వాచీలాయన రెండు రోజులు షాపు తీయలేదు. మూడో రోజు నేను పని నుంచి వస్తుంటే ఆపాడు. మొహం పీక్కుపోయింది. "అమ్మా, ఒక మాట విన్నాను. ఆ సర్వేలో ఆవిడ బదులు నన్ను రాశారట కదా?"

అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"నేను సరదా పడి చెయ్యి చాపాను. ఆవిడ బదులని చెప్పుంటే చాపేవాణ్ణా?" చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "నా రక్తం నాకు వెనక్కి ఇచ్చెయ్యండమ్మా. ఆ కాగితంలోంచి నన్ను తీసెయ్యండి."

ఊళ్ళో ఆ లెక్కకి సిగ్గుపడిన మనిషి ఆయనొక్కడే. చేసిన తప్పేమీ లేని మనిషి.

వానలు మొదలయ్యే వేళకు రెండో విడత సర్వే అన్నారు. నియమాల కాగితం ల్యాబులో అంటించారు. ప్రతి పదో తలుపు. మూడుసార్లు తట్టాలి. తెరవకపోతే పక్క తలుపు. కింద మా మరిది సంతకం, ఎప్పటిలాగే గుండ్రంగా.

అది చదివి బీరువాలోంచి మొదటి విడత కాగితాలు తీసి, పొడుగక్క రాసిన ఒక పేజీ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. అతను నన్ను చూసి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. నేను ఏమీ అనలేదు. ఒట్టు కదా. పేజీ టేబుల్ మీద పెట్టి, ఎర్రగీత కొట్టిన మా ఇంటి నంబరు మీద వేలు పెట్టాను.

నేను అడగకుండానే, తలెత్తకుండా చెప్పాడు. "నియమం మారిస్తే మొదటి విడతతో పోల్చడానికి వీల్లేదు వదినా. పైవాళ్ళు ఒప్పుకోరు."

గుమ్మం దాటబోతుంటే పిలిచాడు. "వదినా, ఈ పేజీ నా దగ్గర ఉంచుకోనా?"

ఉంచుకోమన్నాను. నియమం మాత్రం మారలేదు. అతను ఏడవలేదని అనుకోవడం లేదు, ఏడ్చే ఉంటాడు. కానీ ఏడుపు ఇంట్లో పెట్టి వచ్చి సంతకం ఆఫీసులో పెట్టాడు. నేను క్షమించలేనిది అది.

రెండో విడతలో మా వీధి మళ్ళీ పొడుగక్కకే పడింది. మా తలుపు ఆమె రెండోసారి తట్టకముందే తెరుచుకుందట. మా ఆయన బస్సు డ్యూటీ నుంచి వచ్చి అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ముందు తలుపు మూసుకోవాల్సిన పనేముంది? చెయ్యి చాపాడు. అత్తయ్య పోయిన కొన్నాళ్ళకి ఆయనకీ నాకూ జ్వరాలొచ్చి తగ్గాయి, ఆయన రక్తంలో గుర్తు బ్రహ్మాండంగా ఉంది. మా ఇంటి నంబరు మీద ఈసారి గీత లేదు. ఆ సాయంత్రం స్టిక్కరు నా చేత్తోనే అంటించాను.

రేడియోలో కొత్త అంకె చెప్పారు. ఎనభై మూడు. మంచి కబురన్నారు. పన్నెండు శాతం పెరిగిందన్నారు. ఎలా పెరిగిందో నాకు తెలుసు. మూసి ఉన్న తలుపులు తెరుచుకున్నాయి, లోపల జాగ్రత్తగా కూర్చున్నవాళ్ళు వెళ్ళిపోయారు. మొదటి లెక్కలో అత్తయ్య లేదు, తలుపు తీయలేదని. రెండో లెక్కలోనూ లేదు. చచ్చిపోయినవాళ్ళ రక్తం ఎవరూ తీయరు.

నా వీధి సంగతి చెప్పి ఆపేస్తాను. రెండో విడతలో నేను ఒక్క పక్క తలుపు కూడా తట్టలేదు. తెరవని చోట 'తెరవలేదు' అని రాసి, ట్యూబు ఖాళీగా తెచ్చాను. అరవైకి ముప్పై ఎనిమిదే తెచ్చావేమని పెద్ద డాక్టరమ్మ అడిగింది. ఊళ్ళో ఉన్నదే తెచ్చానన్నాను. జీతం కోస్తానని ఆవిడ అనలేదు, శభాష్ అనీ అనలేదు. నా ఖాళీ ట్యూబులు అలాగే ఉంచుకుంది. అవి లెక్కలోకి వెళ్ళాయో లేదో తెలీదు, ఎనభై మూడు మాత్రం తగ్గలేదు.

సర్వే అయిపోయిన మర్నాడు నాకు సెలవు. వాన పడుతోంది. మొదటి విడతలో ఆ ఒక్క రోజు గీతలు కొట్టిన పంతొమ్మిది నంబర్లూ చీటీ మీద రాసుకుని బయల్దేరాను. సూది లేదు, ఐసుపెట్టె లేదు. తొలి నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒకచోట గుమ్మంలో కూర్చున్న మనిషి, నేను అడగకముందే, "అమ్మ లేదండీ, పోయినెల" అన్నాడు. చీటీ మీద ఏమి రాయాలో తోచలేదు.

అయిదో తలుపు మూసే ఉంది. తట్టాను. లోపల రేడియో ఆగింది. గాజుకంటిలో వెలుగు చీకటయింది. రెండడుగులు వెనక్కి జరిగి, నా మొహం కనపడేలా మాస్కు పైనుంచి కళ్ళెత్తి చూశాను.

"తలుపు తీయకండి" అన్నాను. "రక్తం కోసం రాలేదు."

ఒక ముసలి గొంతు, తలుపుకి బాగా దగ్గర నుంచి అడిగింది. "మరెందుకొచ్చావు?"

"ఉన్నారా అని."

లోపల మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

"ఉన్నాను" అంది ఆ గొంతు. వెంటనే కోపంగా, "ఎండాకాలంలో వచ్చింది నువ్వే కదూ? గబగబా మూడు కొట్టి చక్కా పోయావు. నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు" అంది.

"నేనేనండీ" అన్నాను. "తప్పయిపోయింది. టీకా వచ్చేదాకా ఇలాగే మూసుకుని ఉండండి. రేడియో మాట వినకండి. నేను వచ్చే వారం మళ్ళీ వస్తాను."

గాజుకంటిలో చీకటి కదల్లేదు. చీటీ తీసి, వాన పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నంబరు పక్కన రాశాను: తలుపు తెరవలేదు. మనిషి ఉంది.

ఇంకా పద్నాలుగు తలుపులు మిగిలాయి.